గొళ్లెము వేయనివారెవరు?

2022 ఫిబ్రవరి 9వ తేదీ ఉదయమున ముంబయి నుండి భుజ్‌నకు బయలుదేరిన అలయన్స్ ఎయిర్ విమానము నేల విడుచుచుండగనే దాని ఇంజను పైమూత ఊడి రన్‌వేపై పడెను. డెబ్బదిమంది ప్రాణములను మోసికొని ఆ విమానము మూతలేని ఇంజనుతోనే భుజ్ చేరెను. ఎవ్వరికిని గాయము కాలేదు. మరమ్మతు పిదప మూత గొళ్లెములు సరిగా పడకపోవుటయే కారణమై యుండునని విమానయానాధికారులే నాడు పలికిరి. పత్రికలు రెండునాళ్లు వ్రాసినవి, పిదప మరచినవి. “ప్రాణనష్టము లేదు” అను మాట మన దేశమున సర్వపాపహరమగు మంత్రమైపోయినది. ఈ మంత్రమును మేము నమ్మజాలము. ఆ విమానము పరదేశీయుల సొత్తు కాదు. ఎయిర్ ఇండియా టాటాల పాలైన రెండు వారములకు, సర్కారు చేతిలో మిగిలిన సంస్థ నడపిన విమానమది.

కమాన్‌పూరు బొగ్గుసీమలో కూర్చున్న మీకు ఆకసపు సంగతులేల యని కొందరు నవ్వవచ్చును. మన పల్లెలలో గల్ఫు దేశములకు పోయినవాడు లేని వాడ యేది? ఆదివరాహస్వామికి మొక్కుకొని, అప్పు తెచ్చి టికెట్టు కొని, శంషాబాదులో విమానమెక్కు కూలివానికి ఆ మూతల గొళ్లెములు ఎవరు వేసిరో తెలియదు. అడుగు అధికారమును లేదు. బసంత్‌నగరమున 1980 దశకమున వాయుదూత్ విమానములు దిగినవి. విమానాశ్రయము మరల కావలెనని మన ప్రాంతీయులు నేటికిని కోరుచునే యున్నారు. కోరుట న్యాయమే. ఆ కోరికతో పాటు ఈ ప్రశ్నయు అడుగవలసియున్నది.

అదియుగాక, ఈ ప్రశ్న అడుగుటకు గనికార్మికునికంటె అర్హుడు లేడు. గనిలో సర్దారు కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడు విని, మంచిదని తోచినగాని మనిషిని లోనికి పంపడు. షిఫ్టు దిగునప్పుడు తాను చూచినదెల్ల పుస్తకమున వ్రాసి సంతకము చేయును. వచ్చువాడు అది చదివి పని అందుకొనును. ఈ నియమమును ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలో నీరు విరుచుకొనిపడి 17 మంది మరణించిరి. భుజ్ విమానపు మూత ఊడిన నెలలోపలనే, 2022 మార్చి 7న, అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు ప్రాణములు విడిచిరి. నియమములు ఉండియు ఇట్టివి జరుగుచుండ, నియమము సడలినచోట ఏమగునో మన సీమవారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

సడలినచోట ఏమైనదో చూడుడు. 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాసులో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానము ఆకసముననే విరిగి 14 మంది మరణించిరి. ముందటి రాత్రి ఒక షిఫ్టువారు తోకరెక్క ఎడమభాగపు పైవరుస మరమేకులను 47 తీసివేసిరి. పని సగములో ఆగినది, షిఫ్టు మారినది, తీసినసంగతి వచ్చినవారికి సరిగా అందలేదు. విమానము తెల్లవారి ఎగిరినది. పుస్తకమున ఒక పంక్తి వ్రాసియున్నచో పదునలుగురు బ్రతికియుందురు.

2013 మే 24న లండను హీత్రో నుండి ఆస్లోకు పోవు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమునకు రెండు ఇంజనుల మూతలును ఊడిపోయెను. ఒక మూత ఇంధనపు గొట్టమును చీల్చగా కుడి ఇంజనున మంటలు లేచెను. 80 మందియు బ్రతికి దిగుట వారి పుణ్యము. కారణమేమి? రాత్రి ఇద్దరు పనివారు ఇంజను నూనెను చూచి, మరియొక పనిముట్టు తెచ్చుటకై మూతను దించి, గొళ్లెములు వేయక వెళ్లిరి. తిరిగివచ్చి వేరొక విమానము కడకు పోయిరి. అచట మూతలు మూసియుండుట చూచి, ఎవరో మూసిరని తలచిరి. అదనపు పనిగంటల అలసట ఇందు పాలుగొనియుండునని పరిశోధకులు వ్రాసిరి. అంతకుముందే ఆ జాతి విమానములలో ఇట్టి మూతలు ముప్పదికి పైగా ఊడియుండెను. ముప్పది హెచ్చరికలు చాలని లోకమునకు ముప్పదియొకటవది ఏల చాలును?

కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లు, ఈ విమానములన్నియు మరమ్మతు చేసినందుననే చెడినవి. 1990 జూన్ 10న బర్మింగ్‌హాము నుండి ఎగిరిన మరియొక బ్రిటిషు విమానపు ముందరి అద్దము ఎగిరిపోయి, కెప్టెను సగము దేహము కిటికీ వెలుపల వ్రేలాడెను. అద్దమును బిగించిన 90 బోల్టులలో 84 సన్నవి. అవి నడిరాత్రి, పనివారు చాలనప్పుడు, కంటితో పోల్చి తెచ్చినవి.

ఆ పనివారిని తిట్టుట తేలిక. రెండుగురిని ఉద్యోగములనుండి తొలగించి, “చర్య తీసికొంటిమి” అని ప్రకటించుట మరియు తేలిక. రాత్రి రెండు గంటలకు ఆరుగురి పని నలుగురిచేత చేయించి, తెల్లవారి విమానము వేళకు పోవలెనని హుంకరించిన వారెవరు? వారి సంతకము ఏ పుస్తకమునను కానరాదు! గొళ్లెము వేయనివాడు దొరకును. గొళ్లెము వేయుటకు వ్యవధి ఇయ్యనివాడు ఏనాటికిని దొరకడు.

పరదేశపు ముద్రను చూచి భ్రమించుట మనకు మరియొక వ్యాధి. 1985 ఆగస్టు 12న జపానులో 520 మందిని పొట్టనిడుకొన్న విమానపు తోక ఊడుటకు మూలము, ఏడేండ్ల ముందు బోయింగు వారే చేసిన తప్పు మరమ్మతు. రెండు వరుసల రివెట్లు పట్టవలసినచోట ఒక వరుసయే పట్టెను. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానపు ప్రక్కభాగము ఎగిరిపోయినప్పుడు, నాలుగు బోల్టులు కర్మాగారముననే బిగించలేదని తేలినది. తెరచి మూసిన పనికి వ్రాతయే లేదు. దొరల కర్మాగారముననే ఇట్లుండ, వారి కాగితమునకు మనము దండము పెట్టుట ఏల?

నేడు హైదరాబాదు విమానముల మరమ్మతులకు కూడలి యగుచున్నది. శంషాబాదున 2025 నవంబరు 26న ఫ్రెంచి సఫ్రాన్ సంస్థవారి ఇంజను మరమ్మతుశాలను ప్రధానమంత్రి ప్రారంభించిరి. మన బిడ్డలకు పని దొరకుటకు సంతోషమే. కాని ఆ పనిని పరీక్షించు ప్రభుత్వశాఖ స్థితి యేమి? పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కార్యాలయమున మంజూరైన ఉద్యోగములలో దాదాపు సగము ఖాళీగా నున్నవని 2025 లో పార్లమెంటు స్థాయీసంఘమే తెలిపెను. ఆ యేడే డిసెంబరులో ఇండిగో సంస్థ విమానములు వందలుగా ఆగగా, పైలట్ల విశ్రాంతి నియమమునే ప్రభుత్వము సడలించెను. నియమము కంపెనీకి లొంగినది గాని, కంపెనీ నియమమునకు లొంగలేదు. ఇదియా స్వరాజ్యము?

మేము కోరునది మూడు మాటలు. గనిలోని షిఫ్టు పుస్తకము వలె, విమానశాలయందును పని అప్పగించువాడును అందుకొనువాడును ఎదురెదురుగ నిలిచి సంతకము చేయు కట్టడి చట్టమై, అమలు కావలెను. రాత్రి పనిచేయు ఇంజనీర్లకు పైలట్లకు వలెనే విశ్రాంతి హక్కు ఉండవలెను. దానిని ఏ కంపెనీకొరకును సడలింపరాదు. డైరెక్టరేటులో ఖాళీలు ఎన్నడు నింపుదురో తేదీతో సహా పార్లమెంటున మంత్రి చెప్పవలెను. పెద్దపల్లి సభ్యుడు ఆ ప్రశ్నను తొలుత అడుగునుగాక!