కవరు మీద ఎవరి పేరు?

మా ఇంట్లో శుభలేఖల కవర్ల మీద పేర్లు రాసే పని ఎప్పుడూ నాదే. బీఏ తెలుగు చదివినందుకు నాకు దక్కిన ఉద్యోగం అదన్నమాట. మొన్న మా మరిది కూతురి పెళ్లికి రాస్తుంటే జాబితాలో తహసీల్దారుగారి కవరు వచ్చింది. ఉద్యోగం ఆవిడది. జాబితాలో ఉన్నది వాళ్లాయన పేరు, పక్కన ‘దంపతులు’ అని! ఆయనేం చేస్తారో మావాళ్లెవరికీ తెలీదు. నేను ఆవిడ పేరు, ‘గారు’, కింద హోదా రాసి, ఆయన పేరు ఆ తర్వాత రాశాను. “బావుండదేమో వదినా” అన్నాడు మరిది. ఎందుకు బావుండదండీ? పిలిచేదే ఆవిడ హోదా చూసి కదా!

కలెక్టరుగారి భార్యా కలెక్టరమ్మే, కలెక్టరు ఆడమనిషైతే ఆవిడా కలెక్టరమ్మే. మరి ఆవిడ భర్తని ఏమంటాం? మాటే లేదు. ఊళ్లలో ఇంకో వింత. పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లకి కేటాయించారు. అయినా చాలాచోట్ల ‘సర్పంచ్‌గారూ’ అంటే పలికేది గెలిచినావిడ భర్తే.

ఇది ఇవాళ్టిది కాదు. పాత ఉత్తరాలు చూడండి. మగవాళ్లకి ‘మహారాజశ్రీ’. భార్య ఉన్నా పోయినా అదే. ఆడవాళ్లకి మాత్రం భర్త ఉంటే ‘మహాలక్ష్మీ సమానురాలు’, పోతే ‘గంగాభాగీరథీ సమానురాలు’. ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్‌కి కూడా ఆవిడ సంగతి తెలిసిపోవాలన్నమాట!

అర్జీల్లో ఆ ‘మహారాజశ్రీ’, ‘దివ్యసముఖమునకు’ ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. ఆఫీసరు ఆడమనిషైతే మహారాణిశ్రీ అంటారా? 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉన్నప్పుడే, మన దేశంలో జరిగే సభల్లో ‘హిజ్ ఎక్సలెన్సీ’ అనడం మానేశారు. గౌరవ రాష్ట్రపతి అంటే చాలన్నారు. అంత పెద్ద పదవికే చాలినప్పుడు మన తహసీల్దారుకి చాలదా?

మనకి ‘గారు’ ఉంది. ఆడా మగా తేడా లేదు, పెళ్లయిందా లేదా అని అడగదు. నోటితో ‘అమ్మా’ అనండి, ‘మేడమ్’ అనండి, అందులో ఆప్యాయత ఉంది, నాకేం అభ్యంతరం లేదు. కాగితం మీద మాత్రం పేరు, గారు, హోదా. భర్త పోయినావిడ పేరు ముందు ‘శ్రీమతి’ తీసేసేవాళ్లని చూశాను. నేను తియ్యను.