పల్నాటి యుద్ధం - నేటి ఎన్నికల ఘర్షణలు

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన దాయాదుల పోరు. నేటి పల్నాడు జిల్లాలో ఎన్నికల ఘర్షణలు జరిగినపుడు వాటిని ఈ యుద్ధంతో పోల్చడం పరిపాటి. పోలిక సగమే సరియైనది.

వీరగాథల ప్రకారం అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాలను, అతని సవతి తమ్ముడు మలిదేవుడు మాచర్లను ఏలారు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు వారి మంత్రులు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్ళు వలస వెళ్ళింది. గడువు తీరినా రాజ్యం తిరిగి దక్కలేదు. రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. ఆపై కారంపూడి రణరంగమైంది. పందెం నెపం మాత్రమే, మాట తప్పడమే అసలు కారణమనవచ్చు.

నాడు రాజ్యం ఎవరిదో తేల్చుటకు ఎన్నిక లేదు. నేడు ఉన్నది. అయినను 2024 మే 13న పోలింగు జరుగుతుండగా మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు కేంద్రంలో ఓటింగు యంత్రాన్ని పగులగొట్టారు. ఘర్షణల అనంతరం ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. అనగా సంఘం దీనిని పాలనా వైఫల్యంగా పరిగణించింది. వీరగాథతో పోల్చినపుడు అదే వైఫల్యం పల్నాటి పౌరుషంగా కనిపిస్తుంది.

కారంపూడిలో ఏటా కార్తీకమాసం చివర మొదలై ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాలలో ఒక రోజు రాయబారానిది.