బావులు బాగయ్యేదెప్పుడు?

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి బిచ్‌ఛ్రి గ్రామంలో హెచ్-యాసిడ్ ఫ్యాక్టరీ ఆరుబయట పోసిన వ్యర్థం నేలలోకి ఇంకింది. బావుల నీళ్లు నల్లబారి మనుషులకే కాదు, పశువులకూ పైరుకూ పనికిరాకుండా పోయాయి. పాడుచేసినవారే ఖర్చు భరించి బాగుచేయాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. అయినా అర్జీల మీద అర్జీలు పడ్డాయి. 2011లో కోర్టు 37.385 కోట్ల రూపాయలను 1997 నుంచి చక్రవడ్డీతో కట్టమంది.

ఇంత జాప్యానికి మూల్యం ఎవరిది? నేలలో ఇంకిన విషం ప్రతి వానకూ మరింత లోతుకు దిగుతుంది. ట్యాంకరు నీళ్లు దాహం తీరుస్తాయి గాని బావిని బాగుచేయవు. ఫ్యాక్టరీల చెంతనున్న సంఘాలు బోరునీళ్లు పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో అధికారులను నిలదీయాలని మనవి చేస్తున్నాము. పొరుగువాని బావినీ ఆ పరీక్షలో చేర్చండి.