సంచుల కాపలా అమ్మకేనా?

ఏ క్లాసుకెళ్లినా అమ్మకి ఒకటే పని: బెంచీ మీద కూర్చుని సంచులు, నీళ్ల సీసాలు కాపలా కాయడం. నాకిది నచ్చదు. అందుకే ఇక్కడ బెర్లిన్‌లో శని, ఆదివారాల స్కేటింగ్ శిక్షణకి పిల్లలతో పాటు నా పేరూ రాయించాను.

"నలభై దాటాక కాలో చెయ్యో విరిగితే వంటెవరు చేస్తారమ్మా?" అని ఫోన్లో అత్తయ్య. (చూశారా, బెంగ నా కాలి గురించి కాదు!)

అంత భయం అక్కర్లేదండీ. కోచ్ మొదట నేర్పిందే మోకాళ్లు వంచి ప్యాడ్ల మీదకి పడటం, మడమ బ్రేకుతో ఆగటం. మేం నేర్చుకున్న చోటు టెంపెల్‌హోఫ్, 2008లో మూసేసిన విమానాశ్రయం. అక్కడ ఇళ్లు కట్టొద్దని 2014లో జనం ఓటేసి మరీ కాపాడుకున్నారు. దాదాపు రెండు కిలోమీటర్ల రన్‌వే, బల్లపరుపు నేల, కార్ల గోల లేదు. ఎదురుగాలికి మాత్రం ఆయాసమొస్తుంది.

మణికట్టు గార్డులు మర్చిపోకండి, పడేటప్పుడు ముందు ఆనేది చేతులే. సంచులంటారా, మావారు చూసుకున్నారు.