యజమాని పరదేశంలో, బండి ముంగిట్లో

కడప, రాయచోటి, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాలలో గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపని వీధి అరుదు. వెళ్ళేవారు ఇంట విడిచిపోయే వస్తువులలో మోటారు సైకిలు ఒకటి. దానికి షెడ్డు ఉండదు. మెట్ల కిందనో, ప్రహరీ వారగా రేకుల నీడనో నిలుస్తుంది. తాళంచెవి తమ్మునికో, బావమరిదికో అందుతుంది. అంతటితో అది అమానతు అయినది. అనుమతి లేనిదే అమానతును వాడుకోరాదనీ, నిర్లక్ష్యం వల్ల చెడితే బాధ్యత దానిని స్వీకరించినవానిదేననీ ఫిఖ్హ్ చెబుతున్నది. కనుక ప్రయాణానికి ముందే ఒక మాట తేల్చుకోవాలి: బండిని నడపవచ్చునా, నిలిపి ఉంచాలా? ఈ మాట అడగడానికి మొగమాటపడిన ఇళ్ళలోనే తర్వాత అన్నదమ్ముల మధ్య మాటలు పెరుగుతాయి.

నిలిపి ఉంచాలంటే చేయవలసిన పని అధికభాగం మొదటి రోజునే ఉన్నది. నల్లబడిన ఇంజన్ ఆయిలులో తేమ, ఆమ్లాలు చేరి ఉంటాయి, దానిని మార్పించాలి. నేటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండు మూడు నెలల మాటైతే ట్యాంకు నింపి ఉంచడం మంచిది. లోపల ఖాళీ తగ్గితే తుప్పూ తగ్గుతుంది. రెండేళ్ళ ఒప్పందంపై వెళ్ళేవారు మెకానిక్కు చేత ట్యాంకును, పాత బండి అయితే కార్బ్యురేటరును కూడా ఖాళీ చేయించాలి. మెట్ల కింద ఉంచే బండికి ఇది మరీ అవసరం. పెట్రోలు ఆవిరి వంటింటి మంటకు చేరువలో ఉండరాదు. బ్యాటరీ మైనస్ తీగను ముందుగా విప్పి, దానిని ఇంట్లో పొడిచోట ఉంచి, నెలకొకసారి చార్జి చేయించాలి.

ప్రేమ కీడు చేసే చోటు ఒకటున్నది. కొడుకు బండి చప్పుడు వినాలని తల్లికి ఉంటుంది. వారానికొకసారి రెండు నిమిషాలు స్టార్టు చేయించి ఆపిస్తుంది. ఆ రెండు నిమిషాలలో ఇంజను సరిగా వేడెక్కదు. పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులోనే చల్లబడి తుప్పుకు దారితీస్తుంది. స్టార్టు చేయడానికి బ్యాటరీ ఖర్చు చేసినది తిరిగి చేరదు. నడిపితే అరగంట నడపాలి, లేదా తాకకుండా వదలాలి.

పాలిథిన్ పట్టా చుట్టడమూ ఇటువంటిదే. వాన ఆగుతుంది గాని లోపలి తేమ బయటికి పోదు. గాలి ఆడే గుడ్డ కవరు వేసి, బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, చక్రాలను అప్పుడప్పుడు తిప్పాలి. ఎలుకలు తీగలు కొరుకుతాయి. నెలకొకసారి సీటెత్తి చూడాలి.

బండి కదలదు కదా అని బీమా మానరాదు. వీధిలో నిలిపినదానికి థర్డ్ పార్టీ బీమా ఎలాగూ ఉండాలి. అయితే దొంగతనానికి, అగ్నిప్రమాదానికి అది ఒక్కటే చాలదు.

సైలెన్సరు మూతిలో గుడ్డ కుక్కితే దాని కొసను బయటికి వేలాడనివ్వండి. సెలవుపై వచ్చినవాడు ఆనందంతో కిక్కు కొట్టేముందు దానిని లాగివేయాలి, కొత్త పెట్రోలు పోయించాలి, బ్రేకులు చూడాలి.