అద్దె కుక్కపిల్ల

అద్దె ఇంట్లో ఉన్నాం, అద్దె సైకిలు తొక్కాం, అమెరికా వచ్చాక కారు లీజుకి తీసుకోవడమూ నేర్చుకున్నాం. కుక్కపిల్లని కూడా ఇక్కడ లీజుకి ఇచ్చేవారని మీలో ఎంతమందికి తెలుసు? అదీ, తీసుకున్నవాళ్ళకే తెలియకుండా!

2017లో బ్లూమ్‌బర్గ్‌లో ఒక కథనం వచ్చింది. కాలిఫోర్నియాలో ఓ జంటకి షాపులో గోల్డెన్ రిట్రీవర్ పిల్ల తెగ నచ్చేసింది. ధర 2,400 డాలర్లు. షాపు ద్వారానే ఫైనాన్సు కుదిరింది, సంతకాలు పెట్టి పిల్లని ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత కాగితాలు తీరిగ్గా చదివితే తేలిందేమిటంటే, అది అప్పు కాదు, అద్దె. నెలకి 165 డాలర్ల చొప్పున 34 నెలలు. మీరే లెక్కేసుకోండి, 5,600 దాటుతుంది. అంతా కట్టాక కూడా కుక్క వాళ్ళది కాదు. ఇంకో రెండు నెలల అద్దెంత ఇచ్చి కొనుక్కోవాలి. వాయిదా తప్పితే కుక్కని పట్టుకుపోవచ్చు. కుక్క పారిపోయినా, చచ్చిపోయినా లీజుని ముందే ముగించినందుకు మళ్ళీ రుసుం!

అప్పు అనకుండా అద్దె అనడంలోనే ఉంది కిటుకంతా. అప్పిచ్చేవాడు ఏడాదికి ఎంత శాతం పడుతుందో స్పష్టంగా చూపించాలని 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం చెబుతుంది. లీజులకి 1976లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం వాయిదాలెన్నో, మొత్తం ఎంతో చెప్పాలి, వడ్డీ శాతం మాత్రం చెప్పక్కర్లేదు. ఆ కథనం లెక్క ప్రకారం ఈ బేరంలో వడ్డీ 70 శాతం పైమాటే. ఆ అంకె కాగితం మీద కనబడితే ఎవరు సంతకం పెడతారు చెప్పండి?

"పెద్దవాళ్ళేగా, చదివి సంతకం పెట్టొద్దా?" అని మా మిత్రుల్లో కొందరు వాదిస్తారు. సాఫ్ట్‌వేరు వేసుకునేటప్పుడు నలభై పేజీల షరతులు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే జాతి మనది, అది అలా ఉంచండి. నా అభ్యంతరం వేరు. కారు జప్తు చేస్తే దాన్ని అమ్ముకుని బాకీలో కొంతైనా రాబట్టుకుంటారు. మూడేళ్ళ కుక్కని తీసుకెళ్ళి ఎవరికి అమ్ముతారు? దాని తాకట్టు విలువ బజార్లో లేదు, మీ ఇంట్లో పిల్లల ఏడుపులో ఉంది. "వాయిదా కట్టకపోతే కుక్కని తీసుకుపోతాం" అన్న బెదిరింపే ఆ వ్యాపారానికి పెట్టుబడి. వడ్డీ శాతం పెద్దక్షరాల్లో వేయించినంత మాత్రాన ఇది బాగుపడదు. ఆపాల్సిందే.

కాలిఫోర్నియా అదే చేసింది. 2017లో చట్టం తెచ్చి, వాయిదాలన్నీ తీరితేనే కుక్కో పిల్లో మీ సొంతమవుతుందనే ఒప్పందాలు చెల్లవంది. తాకట్టు లేని మామూలు అప్పుకి అభ్యంతరం లేదు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి మాట: అలాంటి ఒప్పందం ఎవరైనా రాయించుకుంటే, ఇంటికి తెచ్చుకున్నవాళ్ళే యజమానులు, కట్టిన డబ్బంతా వెనక్కివ్వాలి. చట్టమంటే ఇలా ఉండాలి! నెవాడా అదే ఏడాది, న్యూయార్క్ 2018లో, తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఈ లీజుల్ని నిషేధించాయి.

సరే, లీజు గొడవ లేదు, రొక్కమిచ్చే కొన్నారు. వారం తిరిగేసరికి పిల్ల తిండి మానేసింది, వెట్ 'పార్వో' అన్నాడు. అప్పుడేమిటి? న్యూయార్క్‌లో డీలరు దగ్గర కొన్న కుక్కకి 14 పనిదినాల్లో జబ్బని వెట్ ధ్రువీకరిస్తే మీకు మూడు దారులు. తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు, బదులు ఇంకో కుక్కని తెచ్చుకోవచ్చు, లేదా దాన్నే ఉంచుకుని వైద్యం ఖర్చు రాబట్టుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన లోపాలకైతే 180 రోజుల గడువు. మొదటి రెండు దారులూ మిక్సీకి పనికొస్తాయి. పిల్లలు అప్పటికే పేరు పెట్టేసిన కుక్కని ఎవరైనా వెనక్కిస్తారా? మూడోదే అసలు హక్కు. దానికేమో కుక్క కొన్న ధర దాకానే అని పరిమితి పెట్టారు. కాలిఫోర్నియాలో ధరకి ఒకటిన్నర రెట్ల దాకా ఇస్తారు. నన్నడిగితే అదీ తక్కువే, కానీ దిశ సరైనది.

మనవాళ్ళు ఇంతమంది ఉన్న టెక్సాస్‌లో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. డాలస్ నగరం 2022లో షాపుల్లో కుక్కల్నీ పిల్లుల్నీ అమ్మడమే ఆపింది గానీ, అది ఆ నగరానికే. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉండేవాళ్ళకి వర్తించదు. అక్కడ మీకు మిగిలేది సరుకుల అమ్మకం చట్టం. దాని దృష్టిలో కుక్కా మిక్సీ ఒకటే. పైగా 'ఉన్నదున్నట్టు' అమ్మానని రాయించుకుంటే ఆ చట్టం ఇచ్చే భరోసా కూడా చాలావరకు పోతుంది.

అన్నట్టు, షాపు కుదిర్చిన అప్పుతో కొన్నవాళ్ళకి ఒక ఆయుధం ఉంది, ఎక్కువమందికి తెలియదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో చేసిన నియమం ప్రకారం, ఆ అప్పుపత్రంలో ఒక నోటీసు బొద్దక్షరాల్లో ఉండి తీరాలి. షాపు మీద మీకున్న ఫిర్యాదుల్ని అప్పిచ్చినవాడి మీద కూడా చూపించవచ్చని దాని సారాంశం. అంటే రోగిష్టి కుక్కని అంటగట్టిన షాపు మూతబడినా, "నాకేం సంబంధం, వాయిదా కట్టు" అని ఫైనాన్సువాడు తప్పుకోలేడు. మీరు కట్టినంత వరకు వాడి నుంచి రాబట్టుకునే హక్కు కూడా ఉంది. బ్యాంకులో మీ అంతట మీరే తెచ్చుకున్న పర్సనల్ లోనుకి ఇది వర్తించదు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి, పార్కింగ్ లాట్‌లో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో నోట్లు పెట్టి తెచ్చుకున్నదానికి నోటీసూ ఉండదు, రసీదూ ఉండదు. హక్కులున్నా, ఎవరి మీద వేస్తారు కేసు?