బొమ్మల కథలు - స్త్రీలు

కామిక్సు అనబడు బొమ్మల కథలకు ఫ్రాన్సులోని ఆంగులేమ్ పట్టణపు ఉత్సవము పేరెన్నికగన్నది. 2016లో దాని మహాబహుమానమునకు 30 మంది పేర్లు ప్రకటింపబడెను. అందు స్త్రీ యొక్కతెయు లేదు. ఇదేమని యడుగగా, ఈ కళాచరిత్రలో స్త్రీలు మిక్కిలి తక్కువయని నిర్వాహకులు సమాధానము చెప్పిరి.

ఆ చరిత్రనే విచారింతము. అమెరికాలో డేలియా మెస్సిక్ అను చిత్రకారిణి, స్త్రీ పేరు చూచి సంపాదకులు తన బొమ్మలను త్రోసిపుచ్చుదురని, డేల్ అని పేరు మార్చుకొనెను. పిదపనే, 1940లో, ఆమె 'బ్రెండా స్టార్' పత్రికకెక్కెను. తలుపు మూసినవారే లోపల నెవరును లేరనుట యేపాటి న్యాయము?

నాడు ఆ పట్టికలోని పురుషులలోనే పలువురు తమ పేర్లు తొలగింపుడనిరి. 2019లో జపానుదేశపు రుమికో తకహాషికి ఆ బహుమానమే లభించెను. కొరత ప్రతిభయందు లేదు, పిలుపునందే కలదని తేలలేదా?

మన తెలుగునాట రాగతి పండరిగారు వ్యంగ్యచిత్రములచే కీర్తి గాంచిరి. ఆమెను పొగడి యూరకుండుట చాలదని మేము చెప్పుచున్నాము. తల్లిదండ్రులారా, బాలిక గోడపై బొమ్మ గీసినచో, ముగ్గు నేర్చుకొమ్మని కసరక, కాగితము చేతికీయుడు. పత్రికాధిపతులారా, పేరు చూడక పని చూడుడు. పనికి తగిన వెల యీయుడు.